నాలుగు గవ్వల కోట ముట్టడి

ఆ చలికాలమంతా మా మేనత్త ఇంటి వసారాలో రెండు కొండలు ఉండేవి. అసలు వినుకొండ కిటికీలోంచి కనిపించేది. నేను అట్టలతో చేస్తున్న వినుకొండ కిటికీ కింద బల్ల మీద ఉండేది. పొద్దున లేవగానే ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని సరిచేసుకునేవాణ్ణి. అసలు కొండను సరిచేసే వీలుంటే దాన్నీ వదిలిపెట్టేవాణ్ణి కానని అత్తయ్య వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

పాలిటెక్నిక్‌లో డిప్లొమా పూర్తిచేసి కాలవల సర్వేలో ఓవర్సీరుగా చేరాను. పోస్టింగు వినుకొండలో పడింది. నాన్న చెల్లెలు అక్కడే కాపురం ఉండటంతో గది వెతుక్కునే పని తప్పింది. మామయ్యది రైల్వే ఉద్యోగం. వారంలో సగం రోజులు డ్యూటీ మీదే ఉండేవాడు కాబట్టి ఇంటి పెత్తనమంతా అత్తయ్యదే. ఇల్లు సరిగ్గా బస్టాండుకు ఎదురుగా ఉండేది. గుంటూరు బస్సు హారన్ కొడితే మా వంటింట్లో గిన్నెలు మోగేవి.

బొమ్మ సైన్యాల పిచ్చి నాకు రెండు చోట్ల నుంచి అంటుకుంది. చదువుకునే రోజుల్లో ఎన్.సి.సి. క్యాంపులో ఇసుకతో కొండలూ వాగులూ చేసి, చీపురుపుల్లలను దళాలుగా గుచ్చి, ఎటునుంచి ఎటు పోవాలో నేర్పేవారు. మిగతా కుర్రాళ్లు ఆ పీరియడ్‌లో నిద్రపోయేవారు. నేను ఇసుకకు కొలతలు వేసేవాణ్ణి. తరవాత గుంటూరులో పాతకాగితాల కొట్టులో కొన్న ఇంగ్లీషు పత్రికల కట్టలో ఒక ఫోటో దొరికింది. కోట్లు వేసుకున్న నెరిసిన తలల పెద్దమనుషులు ఒక పెద్ద బల్ల చుట్టూ నిలబడి ఉన్నారు. బల్ల మీద వరసలుగా సీసపు సిపాయిలు. ఒకాయన టేపు పట్టుకుని వంగి రెండు దళాల మధ్య దూరం కొలుస్తున్నాడు. ఏడాదికోసారి వాళ్లంతా ఒక హాల్లో కలిసి, ఎప్పుడో జరిగిన యుద్ధాలను బల్లల మీద మళ్లీ ఆడతారనీ, చూడవచ్చినవాళ్లను కూడా కూర్చోబెట్టి ఆడిస్తారనీ కింద రాసి ఉంది. టేపు పట్టుకుని బొమ్మలాడుకునే పెద్దమనుషులు ప్రపంచంలో ఉన్నారని తెలిసి నాకు ప్రాణం లేచొచ్చింది.

మనకు అలాంటి హాలు ఎక్కడుందని ఆలోచిస్తే తట్టింది ఒక్కటే. గుంటూరులో ఏటా రెండు రోజులు చరిత్ర సభ జరిగేది. ఒక హాల్లో ఉపన్యాసాలు, పక్క హాల్లో బల్లల మీద శాసనాల నకళ్లు, కోటల ఫోటోలు, రాగి రేకులు. ఆ బల్లల్లో ఒకటి నాకిస్తే దాని మీద వినుకొండ కోట ముట్టడి పెడతాను. నాలుగున్నర వందల ఏళ్ల కిందట ఈ కోట గజపతుల చేతిలో ఉండేది. దక్షిణం నుంచి విజయనగరం సైన్యం వచ్చి దాన్ని పట్టుకుంది. ఆ సంగతి అందరూ చదువుకున్నారు. కొండ ఎక్కుతూ ఎవరూ ఆడలేదు.

సభ కార్యదర్శిగారు రిటైరైన చరిత్ర లెక్చరరు. సన్నగా, తెల్లగా ఉతికిన చొక్కాతో, చాలా మర్యాదగా మాట్లాడే మనిషి. నేను చెప్పిందంతా విని, మిగిలింది ఒక్క బల్లేననీ, దాన్ని ఒంగోలు నుంచి ఒక నాణేల ఆయన కూడా అడుగుతున్నాడనీ అన్నారు.

"నాణేలను అద్దం కింద పెడితే వాటి పని అవి చేసుకుంటాయండి. మీ ఆటకు మనుషులు కావాలి. చరిత్ర తెలియని ఇద్దరు కూర్చుంటే, మీరు పక్కనుంచి నోరు విప్పకుండా, ఒక పూటలో ఆట తేలాలి. తేలకపోతే సభలో నవ్వులపాలయ్యేది మీరూ నేనూ. అది నాకు ముందు చూపించండి."

కొండ మీది శాసనం ఒకటి నకలు తీసుకోవడానికి ఆయన ఒక ఆదివారం వినుకొండ రావలసి ఉంది. దిగివచ్చాక మా ఇంట్లో ఆట చూస్తారు. సాయంత్రం గుంటూరు బస్సు కదిలేలోపు ఆట ముగిస్తే బల్ల నాది. లేదంటే నాణేలది. అంతే ఒప్పందం.

కొండ చేయడం నాకు కష్టం కాలేదు, అది నా చదువే. సెలవు రోజుల్లో సర్వేకు వాడే ప్లేన్ టేబుల్ మోసుకుని కొండ చుట్టూ తిరిగి, ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే ఎత్తుల గీతలు తీసుకున్నాను. ఒక్కో గీతను అట్ట మీదకు దించి, కత్తిరించి, ఒకదాని మీద ఒకటి అంటించుకుంటూ పోయాను. అట్టలు బట్టల కొట్టువాళ్లు ఇచ్చిన చీరల పెట్టెలవి. అందుకని లోపలికి తొంగిచూస్తే వినుకొండ గర్భంలో నెమళ్లూ మామిడిపిందెలూ కనిపించేవి. పైనుంచి చూస్తే మాత్రం మెట్లమెట్లుగా ఉంది. అత్తయ్య దాన్ని ఇడ్లీపాత్ర అంది. మర్నాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పాత కాగితాలు నానబెట్టి, మెంతులు వేసి రుబ్బి, బుట్టలకు పూసే గుజ్జు చేసి ఉంచింది. ఇద్దరం కూర్చుని గీతలు కనపడేటంత మందాన మాత్రమే కొండకు పూశాం. ఆరే దాకా ఇల్లంతా మెంతుల వాసన.

ఆరాక ఆవిడ దూరంగా నిలబడి కిటికీలోకి ఒకసారి, బల్ల మీదకు ఒకసారి చూసింది.

"నీది పొడుగెక్కువుందిరా."

నిలువు కొలత రెండింతలు వేశానని చెప్పాను. చిన్న నమూనాల్లో అలా వేయకపోతే కొండ కంటికి ఆనదని కూడా వివరించాను.

"కిటికీలోంచి బాగానే ఆనుతోందిగా" అంది.

సిపాయిల పని కళాయి సాయిబుగారు చేశాడు. మా వీధి చివర ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. తిరునాళ్లు వస్తున్నాయంటే మట్టి అచ్చుల్లో సీసం పోసి చిన్నచిన్న బొమ్మలు చేసి అమ్మేవాడు. నేను కాగితం మీద గీసి ఇచ్చిన కాల్బలం, విలుకాళ్లు, గుర్రపు రౌతు చూసి అచ్చులు తీశాడు. సీసం తెచ్చింది మా ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. వాడిది కొత్తపట్నం, నా ఈడువాడే. పండక్కి ఇంటికి పోయి, వలల అంచులకు కట్టే పాత సీసపు గుళ్లు ఒక సంచీడు బస్సులో వేసుకొచ్చాడు. ఎన్నేళ్లు సముద్రంలో మునిగి తేలాయో గాని, మూకుట్లో వేసి కరిగిస్తే వీధంతా ఎండుచేపల వాసన కొట్టింది. అత్తయ్య చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వచ్చి, సిపాయిల్ని పోస్తున్నారా పులుసు కాస్తున్నారా అని అడిగింది. కొలిమి వీధికి అవతలి వైపుకు మారింది.

కాల్బలం బాగా కుదిరింది. గుర్రాల దగ్గరే మాట వచ్చింది. మొదటి విడత గుర్రాలకు మెడలు కురచై, కాళ్లు దగ్గరగా వచ్చాయి. ఇవి మేకల్లా ఉన్నాయని డ్రాఫ్ట్స్‌మన్ మొహం మీదే అన్నాడు. సాయిబుగారు నొచ్చుకోలేదు.

"పక్కన మేకను కూడా పోసి నిలబెడతాను బాబూ. అప్పుడు ఏది గుర్రమో తెలిసిపోద్ది."

పోశాడు కూడా. ఆ ఒక్క సీసపు మేక మా రెండు సైన్యాల్లో దేనికీ చెందకుండా కొండవాలు మీద చివరిదాకా మేస్తూనే ఉంది.

ఇక నిబంధనలు. ఇంగ్లీషు పత్రికలో పాచికలు వాడారు. నేను టేకు ముక్కలు రంపంతో కోసి పాచికలు చేశాను గాని, వాటిలో ఒక పాచిక ఎప్పుడూ రెండు మీదే పడేది. చివరికి అత్తయ్య గూట్లోంచి నాలుగు గవ్వలు తీసిచ్చింది. నాకు సంతోషమైంది. నాలుగు గవ్వలు వేస్తే నోరు తెరిచి పడినవి ఒకటో, రెండో, మూడో, నాలుగో. ఒక్కటీ తెరుచుకోకపోతే సున్నా. లెక్క శుభ్రంగా ఉంది. పడినన్ని మెట్లు, అంటే అన్ని ఎత్తు గీతలు, ఒక సిపాయి కొండ ఎక్కొచ్చు. లేదా ఎదురుగా ఉన్న శత్రువుల్లో అంతమందిని కొట్టొచ్చు. విలుకాళ్ల బాణం ఎంత దూరం పోతుందో టేపుతో కొలవాలి. అయిదుగురు సిపాయిలు కోట గుమ్మం దాటితే కోట పడినట్టు. ఇదంతా ఫుల్‌స్కేప్ కాగితాల మీద, అంశానికో అంకె వేసి, ఉపాంశాలకు అ, ఆ, ఇ, ఈలు వేసి రాశాను. రాస్తున్నంతసేపూ నేను కూడా కోటు వేసుకుని ఆ ఫోటోలో నిలబడి ఉన్నట్టే అనిపించింది.

మొదటిసారి ఆడి చూడటానికి అత్తయ్యనూ సాయిబుగారినీ కూర్చోబెట్టాను. కొండను అరుగు మీదకు తెచ్చాం. అత్తయ్య గుమ్మంలో పీట వేసుకుని విజయనగరం వైపు, సాయిబుగారు అరుగు చివర గజపతుల వైపు. డ్రాఫ్ట్స్‌మన్ కాగితాలన్నీ పైకి చదివాడు. ఇద్దరూ తలలూపారు. అత్తయ్య గవ్వలు గలగలలాడించి వేసింది. నాలుగూ బోర్లా పడ్డాయి.

సున్నా, బాణం గురి తప్పింది అని నేను అనబోయేలోపు, "అష్ట" అంటూ ఆవిడ సాయిబుగారి సిపాయిలు ఎనిమిది మందిని ఏరి పక్కన పెట్టి, మళ్లీ వేయడానికి గవ్వలు చేతిలోకి తీసుకుంది.

నేను ఆపాను. నాలుగూ మూసుకుంటే సున్నా అని మూడో కాగితంలో ఉందని చూపించాను. ఆవిడ నన్ను జాలిగా చూసింది. బోర్లాపడితే ఎనిమిది, నాలుగూ తెరుచుకుంటే చెమ్మ, ఈ రెంటిలో ఏది పడినా ఇంకోసారి వేయాలి, ఇది ఊయల్లో పిల్లకు కూడా తెలుసు. అష్టాచెమ్మాలో సంగతి వేరనీ, ఇది యుద్ధమనీ అన్నాను. సాయిబుగారి సైన్యం కదా చచ్చింది, ఆయనైనా నా పక్షాన మాట్లాడతాడని ఆయన వైపు చూశాను.

"ఎనిమిదే బాబూ" అన్నాడాయన దిగులుగా, తన వాళ్ల శవాలు తనే సర్దుకుంటూ. "బోర్లాపడితే ఎనిమిదే."

అంతటితో అయిపోలేదు. చచ్చినవాళ్లను ఆయన పెట్టెలో వేయలేదు. తీసుకెళ్లి కోటలో తిరిగి నిలబెట్టాడు. ఎందుకని అడిగితే, కాయను చంపితే ఇంటికి పోయి మొదటినుంచి రావాలిగా అన్నాడు. అత్తయ్య వెంటనే ఒప్పుకుంది. అత్తయ్య సిపాయి ఒకడు కోట గుమ్మం దాకా ఎక్కితే, ఈసారి ఆవిడే వాణ్ణి బయట ఆపేసింది. వాడు ఇంకా ఎవర్నీ చంపలేదట. చంపని కాయ లోపలి గడుల్లోకి పోదట. రెండో గంటకు కూడా రెండు సైన్యాలూ నిండుగా, ఆరోగ్యంగా, బయలుదేరిన చోటనే ఉన్నాయి. డ్రాఫ్ట్స్‌మన్ అరుగు స్తంభానికి ఆనుకుని నవ్వుతున్నాడు.

"ఏరా, విజయనగరం వాళ్లు ఇలాగే ఆడుంటే గజపతులు ఇప్పటికీ పైనే ఉండేవాళ్లు రా. మనకి వాళ్ల మీదుగానే కాలవ తవ్వాల్సొచ్చేది."

మరుసటి వారం నేను యుద్ధం చేసింది ఆ అలవాటుతో. "ఇది అష్టాచెమ్మా కాదు" అని అట్ట మీద ఎర్ర ఇండియన్ ఇంకుతో రాసి కొండ పక్కన నిలబెట్టాను. ఆటకు మా సెక్షను గుమస్తాను పిలిచాను, పక్కింటి టీచరును పిలిచాను, సర్వే గొలుసు పట్టే మనిషిని పిలిచాను. అందరూ ఆ అట్ట చదివారు. చదివి, నాలుగూ బోర్లాపడగానే అందరూ అష్ట అన్నారు. చేతులు వాటంతటవే మళ్లీ గవ్వల మీదకు పోయేవి. టీచరుగారైతే సున్నా అని సరిగ్గా చెప్పి, తరవాత ఎనిమిది మందిని తీసేశారు. ఎందుకలా చేశారంటే ఆయనకే తెలియలేదు.

ఆదివారం దగ్గరపడుతోంది. సభకు వచ్చేవాళ్లలో గవ్వలు ముట్టని మనిషి ఒక్కడైనా ఉంటాడా? నేను నోరు విప్పకూడదు. విప్పకపోతే ఆట తేలదు. నాణేల ఆయన అప్పటికే అద్దం కొనుక్కుని ఉంటాడనిపించింది.

అప్పుడు ఒక సాయంత్రం కూర్చుని, వాళ్లు చేస్తున్న తప్పులన్నీ వరసగా రాసుకుని, ఒక్కొక్కటి కాకుండా అన్నీ ఒకేసారి ఒప్పుకుంటే ఏమవుతుందో లెక్క వేశాను. లెక్క వేస్తుంటే నవ్వొచ్చింది. బోర్లాపడితే ఎనిమిది మంది పోతారు, నిజమే. కాని పోయినవాళ్లు తిరిగొస్తారు. తిరిగొస్తున్నారు గదా అని కోట తలుపు వైపు ఊరికే పరుగెత్తడానికి లేదు, చంపనివాడు లోపలికి పోడు. ఒకదాని తీపిని ఇంకోదాని పులుపు సరిచేస్తోంది. ఎన్ని తరాలు అరుగుల మీద కూర్చుని సరిచేసిన కొలతలో అవి. నేను వాటిలో ఒకదాన్ని పట్టుకుని ఆపడంతో మిగతావి తూకం తప్పాయి. నా యుద్ధానికి లేనిదల్లా ముగింపు.

ముగింపు ఎక్కడ పెట్టాలో తోచక అత్తయ్యకు కూర తరిగిపెడుతూ గొణుక్కుంటున్నాను. ఆవిడకు అది వేరే సమస్యగా వినిపించినట్టుంది.

"అంతమంది కొండ కింద ఊరికే కూర్చుంటే, వాళ్లకి వండిపెట్టేదెవరురా?"

ఆ మాటతో ముట్టడి కూడా తిండి ఉన్నంతకాలమే అని తట్టింది. ఒక గిన్నెలో కొన్ని జొన్నగింజలు పోశాను. అది విజయనగరం సైన్యం గాదె. ఇద్దరూ ఒక్కో విడత ఆడగానే ఒక గింజ తీసేయాలి. గింజలు అయిపోయేలోగా అయిదుగురు కోటలో చేరకపోతే సైన్యం డేరాలు పీకాలి. ఫుల్‌స్కేప్ కాగితాలన్నీ పక్కన పడేసి ఒక్క కాగితం మీద మళ్లీ రాశాను. చంపనివాడు లోపలికి పోకూడదన్నది మాత్రం ఆ కాగితంలో పెట్టలేదు. అదొక్కటీ తీసేస్తే ఆట ఇంకాస్త తొందరగా తేలుతుందనీ, బస్సు వేళకు అందుతుందనీ నా ఆశ.

ఆదివారం మధ్యాహ్నం కార్యదర్శిగారు కొండ దిగి వచ్చారు. మోకాళ్ల దాకా ఎర్రదుమ్ము, చంకలో నకలు కాగితాల చుట్ట. మజ్జిగ తాగి, కొండ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, శాసనం ఉన్న బండ ఎక్కడో వేలితో సరిగ్గా చూపించారు. నా ఎత్తు గీతలకు అంతకంటే పెద్ద మెప్పు అక్కర్లేదు. అత్తయ్యా సాయిబుగారూ అప్పటికే తయారుగా కూర్చున్నారు. వాళ్లను చూసి ఆయన చిరునవ్వు నవ్వారు.

"వీళ్లు మీ మనుషులు కదండీ. తెలియనివాళ్లు కావాలి నాకు."

డ్రాఫ్ట్స్‌మన్ బస్టాండుకు పరుగెత్తాడు. వచ్చేటప్పుడు ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. ఒకడు సాయంత్రం గుంటూరు బస్సు కండక్టరు, ట్రిప్పుకు ట్రిప్పుకు మధ్య బల్ల మీద కునుకు తీస్తుంటే లేపి తెచ్చాడు. రెండోవాడు పొదిలి వైపు రైతు. మిరపకాయల ధర కనుక్కోవడానికి అదే బస్సులో గుంటూరు పోతున్నాడు. ఏదో కోట ఆటట, టీ ఇప్పిస్తారట అని మాత్రమే వాళ్లకు తెలుసు.

కార్యదర్శిగారు నిబంధనల కాగితం చేతిలో పట్టుకుని ఒకసారి పైకి చదివారు. రైతు సగమే విన్నాడు. గవ్వలు చూడగానే, ఇవేగా అని కండువా తీసి మోకాలి కింద పెట్టుకుని కూర్చున్నాడు. కండక్టరు కోట తీసుకున్నాడు. నేను నోరు విప్పకూడదు కాబట్టి చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాను. అంతకంటే కష్టమైన పని ఆ ఉద్యోగంలో కూడా ఎప్పుడూ చేయలేదు.

ఆట నడిచింది. బోర్లాపడితే ఇద్దరూ ఒకేసారి అష్ట అన్నారు, ఎనిమిది మందిని తీశారు, ఇంకోసారి వేశారు. కాగితంలో ఇప్పుడు అలాగే ఉంది కాబట్టి గొడవే లేదు. టేపును ఎవరూ ముట్టలేదు. బాణం దూరం రైతు జానతో కొలిచాడు, కండక్టరు అది అతి పెద్ద జాన అన్నాడు, ఇద్దరూ కండక్టరు జానకు ఒప్పుకున్నారు. చచ్చినవాళ్లు కిందకు దిగి మళ్లీ ఎక్కారు. రైతు మొదటి సిపాయి గుమ్మం దాటినప్పుడు, "పండింది" అన్నాడు. రెండోవాడు పండాడు. మూడోవాడు పండాడు. కార్యదర్శిగారు కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నారు.

నాలుగోవాడు పండేసరికి గిన్నెలో గింజలు అడుగంటాయి. అప్పుడు హారన్ మోగింది. మా గిన్నెలు మోగాయి. బస్సు కదిలే వేళ అయింది, ఆట తేలలేదు. కార్యదర్శిగారు చేతిగడియారం చూసుకుని, నకలు కాగితాల చుట్ట చంకలో పెట్టుకున్నారు.

కండక్టరు మాత్రం కదలలేదు. ఇంకో రెండుసార్లు హారన్ మోగాక డ్రైవరే రోడ్డు దాటి మా అరుగు దగ్గరికి వచ్చాడు. లావుపాటి మనిషి, భుజం మీద తువాలు.

"ఏమయ్యా, బండి కదలాలా వద్దా?"

"మూడు గింజలన్నా" అన్నాడు కండక్టరు తలెత్తకుండా. "మూడే."

డ్రైవరు కొండను చూశాడు, గిన్నెను చూశాడు, ఎవరు పైన ఎవరు కింద అని అడిగాడు. కండక్టరు లేకుండా బస్సు పోదు. బస్సు లేకుండా కార్యదర్శిగారు పోరు. ఈ లెక్క నాకు అంతకుముందు ఎందుకు తట్టలేదో. ఆయన కాగితాల చుట్టను మళ్లీ ఒళ్లో పెట్టుకున్నారు. డ్రైవరు రాకపోయేసరికి ప్రయాణికులు ఒక్కొక్కరే వచ్చారు. అరుగు నిండింది, మెట్లు నిండాయి, ఒకావిడ చంటిపిల్లను ఎత్తుకుని కిటికీ అవతలి నుంచి చూస్తోంది. ప్రతివాడూ రైతుకు ఒక సలహా, కండక్టరుకు ఒక సలహా ఇస్తున్నాడు. సీసపు మేక ఏ వైపు అని ఎవరో అడిగితే, అది ప్రయాణికుడు అని డ్రాఫ్ట్స్‌మన్ చెప్పాడు.

రెండు గింజలు. కండక్టరు వేస్తే మూడు పడ్డాయి, ముగ్గురు రైతు సిపాయిలు కొండ కిందకు పోయారు. ఒక్కడు మిగిలాడు, గుమ్మానికి రెండు మెట్ల కింద. ఆఖరి గింజ. రైతు గవ్వలను దోసిట్లో చాలాసేపు ఆడించాడు. వేశాడు. రెండు తెరుచుకున్నాయి.

రెండు మెట్లు. గుమ్మం. చుట్టూ కేకలు. రైతు వాణ్ణి పట్టుకుని ఒకటి, రెండు అని ఎక్కించి లోపల పెట్టబోయాడు.

"వాడు ఎవర్ని కొట్టాడండీ?" అన్నాడు కండక్టరు.

రైతు చెయ్యి గాల్లో ఆగింది. ఆలోచించాడు. అందరూ ఆలోచించారు. వాడు అంతకుముందు ఒకసారి చచ్చి, కింద నుంచి మళ్లీ మొదలుపెట్టి ఎక్కివచ్చినవాడు. ఈ ఎక్కడంలో ఎవర్నీ కొట్టలేదు. రైతు ఒక్క మాట కూడా వాదించకుండా సిపాయిని గుమ్మం బయట, ఆఖరి గీత మీద పెట్టేశాడు.

"నిజమే. కొట్టనోడు లోపలికెట్టా పోతాడు?"

గజపతులు నిలబడ్డారు, ఇక ఎక్కండి అన్నాడు డ్రైవరు. జనం నవ్వుతూ రోడ్డు మీదకు మళ్లారు. కార్యదర్శిగారు మాత్రం కాగితాన్ని వెనకా ముందూ తిప్పి చూస్తున్నారు.

"ఈ మాట ఇందులో లేదే."

"లేదండి" అన్నాను. అప్పటికి నోరు విప్పొచ్చనుకున్నాను.

"మరి ఆయనెలా అన్నాడు, ఈయనెలా ఒప్పుకున్నాడు?"

అది రాయాల్సిన సంగతా అన్నట్టు అత్తయ్య గుమ్మంలోంచి ఆయన వైపు చూసింది. ఆయన ఆ చూపు చూసి కాగితం మడిచి నాకిచ్చారు. నాకు ఇంకో సందేహం ఉంది. బస్సు కదిలే వేళ దాటాకే ఆట ముగిసింది. ఒప్పందం ప్రకారం బల్ల పోయినట్టే గదా అని, దాచుకోలేక, నేనే అడిగేశాను.

"బస్సు కదిలేలోపు అన్నాను" అన్నారాయన చెప్పులు వేసుకుంటూ. "బస్సు ఇంకా కదల్లేదు కదండీ."

రోడ్డు దాటుతూ వెనక్కి తిరిగి, చరిత్రలో పడిన కోట మీ ఇంట్లో నిలబడిందని సభ అధ్యక్షులవారికి చెప్పాల్సింది తనేననీ, దానికి మాటలు తయారుచేసుకోవాలనీ అన్నారు. కిటికీలోంచి చెయ్యి ఊపుతుండగా బస్సు కదిలింది. ఆఖరి విడతలో ఏ సిపాయిని కదపాల్సిందో లోపల అప్పటికే పెద్ద వాదన మొదలైంది. మలుపు తిరిగేదాకా వినిపించింది.

కొండను అదే బస్సు టాపు మీద, పరుపులో చుట్టి గుంటూరు తీసుకెళ్లాం. నాణేల ఆయనకు ఎక్కణ్ణుంచో ఇంకో బల్ల దొరికింది, మా పక్కనే పెట్టుకున్నాడు. గవ్వలు చూసి సభలో జూదమేమిటని అధ్యక్షులవారు మొదట మొహం చిట్లించారట. మొదటి పూట నేను కోటు లాంటిదేదో వేసుకుని, టేపు పట్టుకుని, బల్ల పక్కన నిలబడ్డాను. ఎవరూ ఏమీ అడగలేదు. వచ్చారు, కూర్చున్నారు, గవ్వలు వేశారు. అత్తయ్య చేత కూడా ఒక ఆట ఆడించారు. కోట పడగొట్టి వచ్చి, జొన్నలు ఇంకాస్త తక్కువ పోయాల్సిందని నాకు చెప్పింది.

రెండో రోజు మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి బల్ల చుట్టూ మూడు వరసల జనం. నాణేల ఆయన తన కుర్చీ ఎక్కి మరీ చూస్తున్నాడు. ఎవరు గెలుస్తున్నారని అడిగితే, నన్ను ఎరగనివాడిలా, "కాస్త పక్కకు జరగండి సార్, ఆఖరి గింజ" అన్నాడు.

జరిగాను.